ఎడమ పక్కన ఎవరో

ఆ, హలో… నేనేనక్కా. నేను కాక ఆదివారం ఈ వేళప్పుడు ఈ ఫోను ఇంకెవరు ముట్టుకుంటారు… ఒక్క నిమిషం ఉండు, ఇక్కడ పంచాయితీ ఇంకా తెగలేదు—

ఏమండీ, ఆ స్క్రూలు మళ్లీ బిగించెయ్యకండి. ఎడమ పక్క మసగ్గా ఉంది. ఉందంటే ఉంది. రోజూ దాని ముందు కూర్చునేది నేనా, మీరా?

…ఏం లేదక్కా, టీవీ గొడవ. పొద్దున్నుంచి నడుస్తోంది. మీ మరిదేమో టీవీ నిక్షేపంలా ఉందంటారు. మెకానిక్కు వచ్చాడు, చూశాడు, టీ తాగాడు, 'బొమ్మ అద్దంలా ఉందమ్మా' అని చెప్పి పోయాడు… ఆ, అద్దంలా ఉంటే నాకెందుకు కనపడదు?

…ఎలా అంటే… చీకటి కాదు. గీతలూ కాదు. ఎడమ పక్క ఓ బెత్తెడు మేర అసలేమీ లేనట్టుంటుంది. దగ్గరికి జరిగి చూద్దామని కుర్చీ ముందుకు లాక్కుంటే ఇంకా ఎక్కువవుతుంది. పైగా మా అత్తయ్య, 'నువ్వలా ముందుకు జరిగితే నాకు నీ కొప్పు తప్ప సినిమా కనపడదే' అని ఒకటే సణుగుడు…

నా గొంతా? బాగానే ఉంది… లేదు, జలుబు… లేదక్కా, ఏడవలేదు…

…నీ దగ్గర దాచడం నావల్ల కాదు. ఉండు, వంటింట్లోకి వస్తున్నా.

…ఆ, తలుపు వేశాను. ఇది ఎవరితోనూ అనకు. బావతో కూడా. మీ మరిదికి ఇంకా చెప్పలేదు.

శుక్రవారం సాయంత్రం. పిల్లల్ని దింపుతున్నా. ఒంటి జడ పాప లేదూ… అదే, వాళ్లమ్మ కూడా చిన్నప్పుడు నా వ్యాన్‌లోనే బడికి పోయిందని చెప్పానే, ఆ పాప. దాన్ని దింపాను. వ్యాన్‌లో ఆయమ్మ తలుపు వేసింది. నేను ముందుకి చూశాను, అద్దంలో చూశాను. ఒట్టక్కా, చూశాను. ఎవరూ లేరు. గేరు వేసి కదిలించాను.

…ఆయమ్మ కేకేసింది. అలాంటి కేక నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. బ్రేకు తొక్కేశాను. వెనక పిల్లలందరూ ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు.

…ఏం కాలేదు. ఏం కాలేదక్కా. పాప చేతిలో నీళ్లసీసా కింద పడి చక్రం కింద నలిగింది. సీసా ఒక్కటే.

…అదే నేనూ అన్నాను. ఎక్కడి నుంచి ఊడిపడిందే ఈ పిల్ల అని. దానికి ఆయమ్మ ఏమందో తెలుసా? 'ఎక్కడి నుంచీ రాలేదమ్మా, దిగి నీ ఎదురుగానే నిలబడింది. నీకే చెయ్యి ఊపుతోంది' అంది.

…ఎటు పక్కంటే… తలుపు వైపు. ఎడమ పక్క…

అప్పటి నుంచి ముద్ద దిగడం లేదు. కన్ను మూస్తే ఆ సీసా నలిగిన చప్పుడు. నిన్న సెలవు, ఇవాళ సెలవు. రేపు మళ్లీ ఆ స్టీరింగు పట్టుకోవాలంటే… ఎందుకు కనపడలేదో తెలిస్తే ఇంత భయం ఉండదేమో…

వద్దు, ఇక దాని గురించి వద్దు. సినిమా సంగతి చెప్పుకుందాం. కాసేపైనా మనసు మళ్లుతుంది… ఆ, చూశాను. నువ్వు నాతో పాటే మొదలుపెట్టావా, పోయినవారం లాగా బావ కునుకు తీసి లేచేదాకా ఆగావా? …అయితే సరే. ఇద్దరం ఒకేసారి చూస్తేనే నాకు పక్కన నువ్వున్నట్టు ఉంటుంది.

నన్నే మొదలుపెట్టమంటావా… నీకు నచ్చిందా? ముందే అడుగుతున్నా, తర్వాత నొచ్చుకోకు.

…నచ్చిందా! సరిపోయింది.

అక్కా, అదొక తాడూ బొంగరం లేని కథ. పాటలు తీసేస్తే గంట మిగులుతుంది, ఆ గంటలో కూడా సగం ఆ పెద్దకోడలు కిటికీలోంచి వాన చూడటమే… ఆ, తను బాగా చేసింది, కాదనను. కళ్లతోనే నటించింది. ఆ భర్త వేషం వేసినవాడు మాత్రం, చావుకబురైనా పెళ్లికబురైనా ఒకటే మొహం. ఇస్త్రీ చేసి తగిలించినట్టు.

…అది కాదక్కా, అసలు సంగతి చెబుతా విను. లాజిక్కు లేదు. పెద్దకోడలు ఆ మందుసీసా తెచ్చి గోడగడియారం వెనక దాచింది కదా? ఇంట్లో నరపురుగు లేదు. అందరూ పెళ్లికి పోయారు. అంత జాగ్రత్తగా దాచిందా… తెల్లారేసరికి అత్తగారు తిన్నగా వెళ్లి గడియారం వెనక చెయ్యి పెట్టింది. ఎలా తెలిసింది ఆవిడకి? కలొచ్చిందా? తీసేవాడికి లేకపోతే చూసేవాళ్లకైనా బుర్ర ఉంటుందని—

…ఏంటీ?

…ఎవరు నిలబడ్డారు?

…లేదు. అత్తగారు పెళ్లికి పోయింది.

…వెనక్కి వచ్చిందా? ఎప్పుడు? ఏ గుమ్మంలో? …అక్కా, నేను రెప్ప వెయ్యకుండా చూశాను. అక్కడ బీరువా ఉంది. నల్ల బీరువా… బీరువా పక్కన? గుమ్మం ఉందా?

…తెల్లచీర కట్టుకుని.

…సీను మొత్తమా? మొదటి నుంచీ చూస్తూనే ఉందా?

నువ్వు వేరే సినిమా ఏదో పెట్టుకున్నావు. కాదంటే… ఉండు, ఇప్పుడే తేలిపోతుంది. హాల్లోకి వస్తున్నా. పెట్టెయ్యకు—

బుజ్జీ, ఇలా రా. ఇందాకటి సినిమా మళ్లీ పెట్టు. గడియారం సీను… పెద్దమ్మతో పందెం. ఏమండీ, మీరు కాస్త అడ్డం లేవండి.

…ఆ, పెడుతోందక్కా. నా బుజ్జికి ఇలాంటివంటే సరదా. ఇదిగో వచ్చింది… కోడలు వచ్చింది… స్టూలు ఎక్కింది… దాచింది. దిగింది. చూశావా, ఎవరూ లేరు.

ఏంటే బుజ్జీ? …ఉందా? ఎక్కడ?

…అక్కా, ఉందంటోంది ఇది. అత్తయ్య కూడా చూశారట. ఇందాక గురక పెడుతూ చూశారు కాబోలు… ఆయన కూడా తలూపుతున్నారు. అందరూ కలిసి నన్ను ఆట పట్టిస్తున్నారు.

బుజ్జీ, వెకిలి వేషాలు వెయ్యకు. ఎక్కడుందో వేలు పెట్టి చూపించు. …చూపించవే. …చూపిస్తున్నావా?

…

అక్కా…

ఉన్నా. లైన్లోనే ఉన్నా.

దాని వేలు కనపడలేదు. టీవీ మీద వేలు పెట్టి నిలబడింది నా బిడ్డ. నేను తెర మధ్యకి చూస్తుంటే ఆ వేలు లేదు, ఆ చెయ్యి లేదు. మెడ కాస్త తిప్పాను… ఉంది. వేలుంది. దాని పక్కనే ఆవిడా ఉంది. తెల్లచీర. గుమ్మానికి ఆనుకుని ఇటే చూస్తోంది. మళ్లీ తిన్నగా చూస్తే… పోయింది. గోడ ఉంది అంతే.



ఏం లేదండీ, ఏం లేదు. మీరు కానివ్వండి. నేను అక్కతో మాట్లాడుతున్నా కదా.

…మళ్లీ వంటింట్లోకి వచ్చేశాను. చెప్పు…

పోయినవారం సినిమానా? ఏముంది దాంట్లో… ఆ, లారీ. అవును, నవ్వాను. ఆకాశంలోంచి దింపాడా ఆ లారీని అన్నాను…

…వీధి చివరి నుంచీ వస్తూనే ఉందా. నీకు ముందే కనిపించిందా… మరి అప్పుడే చెప్పొచ్చుగా… నేను మాట్లాడనిస్తేగా. అవునులే. మాట అందుకున్నానంటే ఆపను.

అంతకుముందు సినిమాలో ఆ పోలీసు ఎక్కడి నుంచి వచ్చాడన్నాను… ఇంకోదాంట్లో మరిదిగా వేసినవాడు పెళ్లిపందిట్లోకి ఎలా ఊడిపడ్డాడన్నాను… ఇవన్నీ నేను తప్పు పట్టినవే కదక్కా. అపార్ట్‌మెంటులో అందరూ నన్నే అడుగుతారు, ఈ సినిమా చూడొచ్చా అని. చూడక్కర్లేదు, మనుషులు ఎక్కడి నుంచి పుట్టుకొస్తారో తెలీదు అని చెబుతూ వచ్చాను… ఎన్నాళ్ల నుంచి ఇలా అంటున్నాను? ఈ ఏడు మొత్తం అదే మాట కదూ.

…కళ్లద్దాలు కొత్తవే. మొన్న వేసవిలోనే మార్చాను. అట్ట మీద అక్షరాలు చివరి వరస దాకా చదివాను. ఆ కుర్రాడు, మీ చూపు భేషుగ్గా ఉందమ్మా అన్నాడు…

…గుమ్మాలకా? తగులుతుంటాను. ఎవరు తగలరు? మా ఇల్లే ఇరుకు…

…భుజమే. మోచెయ్యి కూడా…

…ఎడమదే. ఎందుకు అడుగుతున్నావు ఇవన్నీ? వరసగా అడుగుతున్నావు, ముందే తెలిసినట్టు.

…నాన్నా? నాన్నకేమైంది? నాన్నవి శుక్లాలు. పెద్దతనం. ఆపరేషను ఆలస్యమైంది అన్నారు కదా మీరందరూ.

…కాదా?

…మెల్లిగా చెప్పు. పక్క చూపా. నొప్పి ఉండదు. ఎర్రబడదు. ముందు చూపు చివరిదాకా బాగానే ఉంటుంది, అందుకే తెలియదు… పక్కల నుంచి మూసుకుంటూ వస్తుంది… ఆ. వింటున్నా… పిల్లలకి రావచ్చు అన్నాడా డాక్టరు. నువ్వు చూపించుకున్నావా? …నీకు లేదు. హమ్మయ్య.

మరి నాకెందుకు చెప్పలేదక్కా?

…ఎవరు వద్దన్నారు?

…నాన్న.

…అప్పుడే బండి నేర్చుకుంటున్నానని. చిన్నది భయపడుతుంది, స్టీరింగు ముట్టుకోదు అన్నాడా. ఆయన పక్కన కూర్చుని నేర్పుతూ… బస్సు నడిపిన చేతుల్రా తల్లీ, నా దగ్గర నేర్చుకున్నదానికి తిరుగులేదు అనేవాడు. నేనేమో ఎందుకు ప్రతిదానికీ అంతగా మెడ తిప్పుతాడా అనుకునేదాన్ని.

…మరి నడుంనొప్పి? నడుంనొప్పని కదా బస్సు మానేశాడు…

…నడుము కాదా.

ఎవరైనా మాన్పించారా, తనే మానేశాడా? …తనే. ఎందుకని?

…చెప్పు. నాకేం కాదు. చెప్పు.

…బస్సుతో గుద్దేశాడా? ఎవరిని?

…రోడ్డు దాటుతున్న ముసలాయన. ఎడమ పక్క నుంచి.

…బతికాడా?

…

సరే. ఇక చెప్పకు.

ఏడవకక్కా. నిన్నేమీ అనడం లేదు. నువ్వు మాత్రం ఏం చేస్తావు, ఆయన ఒట్టు వేయించుకున్నాక… ఊరుకో. నువ్వలా వెక్కితే నేనెవరితో చెప్పుకోను… ముక్కు చీదుకో. చీదుకున్నావా? నీళ్లు తాగు. నేనూ తాగుతా.

…ఇప్పుడా? ఇక్కడేనా? ఎలా చెయ్యాలి? …ఒక కన్ను మూసి ఎదురుగా దేన్నైనా చూస్తూ ఉండాలి. బుజ్జి పక్క నుంచి చెయ్యి తేవాలి. అంతేగా—

బుజ్జీ, ఒక్కసారి ఇలా రా అమ్మా. …ఏం లేదు, పెద్దమ్మ ఏదో ఆట చెబుతోంది. నేను ఆ పంపు వంకే చూస్తుంటా. నువ్వు నా ఎడమ చెవి పక్క నుంచి చెయ్యి మెల్లిగా ముందుకు తీసుకురా. కనపడగానే నేను చెబుతా. సరేనా?

…కుడి కన్ను మూశానక్కా. పంపునే చూస్తున్నా…

పెట్టవే. ఎంతసేపు నిలబెడతావు నన్ను?

…పెట్టు తల్లీ, ఆటలొద్దు. …

…పెట్టిందట.

ఎప్పటి నుంచో ఊపుతోందట అక్కా. నా బుగ్గ దాటి, ముక్కు దాకా వచ్చాక… అప్పుడు కనపడ్డాయి నాలుగు వేళ్లు.

ఏడుస్తావేంటే పిచ్చిమొద్దూ. అమ్మకేం కాలేదు. చూడు, నీ మొహం ఎంత చక్కగా కనపడుతోందో, కాటుక చెదిరింది కూడా చెప్పేస్తా. వెళ్లి మొహం కడుక్కో, నాన్నకి ఇప్పుడే ఏం చెప్పకు. నేను చెబుతా.

…కుడి కన్ను నా చేత్తోనే చూసుకున్నా, అది కాస్త నయం. పోయింది రాదు కానీ, చుక్కల మందు వేస్తే ఉన్నది నిలుస్తుందా? నిజంగానేనా, నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నావా? …సరే. వెళ్తాను. రేపే వెళ్తాను.

రేపు… పొద్దున పిల్లల్ని బడి దగ్గర దించేసి అటు నుంచి అటే పోతా.

…ఒక్క పూటేగా.

…వేరే ఎవరు తోలతారు, ఇప్పటికిప్పుడు? నెమ్మదిగా పోతా. మెడ తిప్పి తిప్పి చూసుకుంటా, నాన్న లాగా. ఆయమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టుకుంటా, ఎడమ పక్క ఆవిడని చూడమంటా. దారి నాకు కళ్లు మూసుకున్నా…

…

ఏంటి, మాట్లాడవు?

…ఏదో ఒకటి అను. తిట్టు. ఇంత నోరుంది కదా నీకు, వంటావిడ ఉప్పెక్కువేస్తే వీధి మొత్తం వినపడేలా అరుస్తావు…

అక్కా, నాకు అది తప్ప ఏం వచ్చు? తెల్లారి లేస్తే ఆ హారను మోగాలి. నేను మలుపు తిరిగానంటే ఇళ్ల తలుపులు తెరుచుకోవాలి. చెప్పులు ఒకటి వేసుకుని ఒకటి చేత్తో పట్టుకుని పరిగెత్తుకొస్తారు వెధవలు. వ్యాన్ ఎక్కగానే, 'ఆంటీ, ఆదివారం ఏం సినిమా చూశావు, కథ చెప్పు' అంటారు. బడి వచ్చేదాకా చెబుతా. ఫైటింగులుంటే ఎక్కువ చెబుతా, ఏడుపులు తీసేస్తా… రేపు కూడా అడుగుతారు. ఒంటి జడ పాప ముందు సీటు కోసం కొట్లాడుతుంది…

…

దాన్ని ఎడమ పక్కనే దించాలి కదూ.

…

అవును. నువ్వనలేదు. నేనే అన్నాను.

ముసలాయన అన్నావే… ఆ రోజు నాన్న కూడా అనుకునే ఉంటాడు కదక్కా. ఒక్క ట్రిప్పేగా అని.

…ఉండు. పెట్టెయ్యకు. వినపడేలా పట్టుకో. నువ్వు వింటున్నావంటే నాకు నోరు పెగులుతుంది. హాల్లోకి పోతున్నా.

బుజ్జీ, ఆ టీవీ ఆపు. …ఆపమ్మా. అత్తయ్యా, మీరు కూడా కాస్త ఇటు తిరగండి. ఏమండీ, అది వదిలేసి కూర్చోండి. …టీవీకి ఏం జబ్బూ లేదు. మీరు చెప్పిందే నిజం. కూర్చోండి.

నేను రేపు వ్యాన్ తియ్యడం లేదు.

…రేపొక్కరోజు కాదు. డాక్టరు చూసి, తోలొచ్చు అని నోటితో చెప్పేదాకా ఆ తాళం ముట్టుకోను. ఎప్పటికీ వద్దంటే ఎప్పటికీ ముట్టుకోను.

…కోపమేం లేదండీ. ఎవరి మీదా లేదు. నాకు ఎడమ పక్క కనపడటం లేదు. నాన్నకి వచ్చిందే నాకూ వచ్చింది. శుక్రవారం ఒక పాపని చూసుకోకుండా బండి కదిలించాను. దేవుడి దయ, ఆయమ్మ చూసింది. …లేదు, పాపకేం కాలేదు. మీకు చెప్పడానికి ధైర్యం చాల్లేదు. ఇప్పుడు చెబుతున్నాను.

…అలా నిలబడి చూడకండి. ఇలా వచ్చి కూర్చోండి. …ఇటు కాదు, కుడి పక్కకి రండి. ఆ. ఇప్పుడు కనపడుతున్నారు.

అత్తయ్యా, మీరు కళ్లు తుడుచుకోండి. ఇల్లు ఎలాగోలా నడుస్తుంది. అవన్నీ తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం.

…మీరు చేస్తారా పిల్లల ఇళ్లకి ఫోన్లు? వద్దండీ. ఆరోగ్యం బాలేదని ఏదో చెబుతారు మీరు. నేనే చెయ్యాలి. ఎందుకు రావడం లేదో కూడా నేనే చెప్పాలి. ముందు ఆ పాప వాళ్లమ్మకి. శుక్రవారం ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. తిడితే తిట్టనివ్వండి.

…అక్కా, విన్నావుగా.



…ఆ, పొద్దున్నే వచ్చెయ్యి. నువ్వుంటే ధైర్యం. నువ్వే ఎడమ పక్క నడుద్దువుగాని.

ఇక ఉంటానక్కా. ఈ ఫోను నాకిప్పుడు కావాలి.